గడి ఖాళీగా ఉంటే ఉండనీ

సూర్యాపేట,
ఆదివారం సాయంత్రం

బుజ్జీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల ప్రాజెక్టు ఉద్యోగానికి బుధవారం నీకు ఇంటర్వ్యూ అట. ఎందుకే నాకు చెప్పలేదు? ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న చిన్నమ్మ సూర్యాపేటలో ఉండగా, కోదాడలో నువ్వు గది తలుపులేసుకుని ఒక్కదానివే తయారవుతున్నావట. కోపం వచ్చింది. పొద్దున్నకు పోయిందిలే. ఉద్యోగం రాకపోతే నలుగురికీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని ఊరుకుని ఉంటావు. నీ సంగతి నాకు తెలియదా?

మిర్యాలగూడలో అమ్మమ్మకు మాత్రం నేనే చెప్పాను. "పర్మనెంటేనా?" అంది. కాదమ్మా, కాంట్రాక్టు, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు పొడిగిస్తారు అన్నాను. "మరి సంబంధమోళ్లు అడిగితే ఏం చెప్పాలె?" అంది. ఆమె బెంగ ఆమెది. మీ నాన్న గ్రూప్స్ రాయమంటాడు, ఆయన బెంగ ఆయనది. ఇద్దరితోనూ నేను మాట్లాడతాను. ఆ బరువంతా నువ్వు ఇంటర్వ్యూ గదిలోకి మోసుకుపోకు.

నోటిఫికేషన్లో రిసెర్చ్ అసిస్టెంట్ అని లేదు, ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ అని ఉంది, ఇది వేరే ఉద్యోగమేమో అని మీ అమ్మ అనుమానపడింది. వేరేది కాదు. ఆ సంస్థ ఐసీఎంఆర్ కిందిదే కదా, ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో ఈ మధ్య పేర్లు మార్చారు. పని అదే. అందులో నీది మూడో మెట్టు, నెలకు 28,000, దాని మీద ఇంటి అద్దె భత్యం. ఎమ్మెస్సీ చదివిన పిల్లకు ఎక్కువేం కాదు, తీసిపారేసేదీ కాదు. ఈ రంగంలో మొదటి ఉద్యోగం జీతం కోసం కాదు, పని చేతికి రావడం కోసం అని నా నమ్మకం. మీ నాన్న ముందు మాత్రం ఈ మాట అనకు, నాతో కొట్లాటకు వస్తాడు.

ఇంటర్వ్యూ ప్రశ్నలూ జవాబులూ బట్టీ పడుతున్నావట. ఆ కాగితాలు పక్కన పెట్టు తల్లీ. ఆ బల్లకు అవతలి పక్క నేనూ కొన్నిసార్లు కూర్చున్నాను. పోషకాహార సంస్థలో కాదు, వేరేచోట. అక్కడి నుంచి చూస్తే బట్టీ జవాబు మొదటి వాక్యానికే తెలిసిపోతుంది. "మీ సంస్థ 1918లో కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల, 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టారు" అని నువ్వు గడగడా అప్పజెప్తే, వాళ్లు తల ఊపి తర్వాతి ప్రశ్నకు పోతారు. ఆ సంవత్సరాలు వాళ్లకు తెలియనివా?

దానికన్నా ఆ సంస్థకూ మన నల్లగొండకూ ఏం సంబంధమో తెలుసుకుని పో. నువ్వు చిన్నప్పుడు మనం మర్రిగూడ దిక్కు ఒక పెళ్లికి పోయాం, గుర్తుందా? పందిట్లో ఒకాయన మోకాళ్లు రెండూ ఒకదానికొకటి తగులుతూ, పాదాలు దూరంగా పెట్టి నడుస్తుంటే, నువ్వు గట్టిగా "ఆయన కాళ్లు గట్లెందుకున్నయ్ చిన్నమ్మా?" అన్నావు. మీ అమ్మ నీ నోరు మూసింది. ఆయనే నవ్వి, "మా ఊరి నీళ్లు బిడ్డా" అన్నాడు. అదే సంగతి మీద 1973లో ఈ సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో రాశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ప్రాంతంలో మోకాళ్లు అట్లా లోపలికి వంగుతున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి అని. తర్వాత తిండి వైపు చూశారు. అందరూ తాగేది ఆ నీళ్లే అయినా, జొన్న ముఖ్యంగా తినేవాళ్లలో ఫ్లోరైడ్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుందా అని పరిశీలించారు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక భూగర్భజలం పైకి వచ్చి, నేల మారి, అక్కడ పండే జొన్నలో మాలిబ్డినం పెరిగి ఉంటుందా, అది ఒంట్లోని రాగిని తగ్గిస్తోందా అని కూడా ఆలోచించారు. మన జిల్లాకు అన్నం పెట్టిన ఆనకట్టను కూడా అనుమానించి చూడాల్సి వచ్చింది. అట్లా చూడటమే వాళ్ల పని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎవరు జొన్న తింటున్నారో ఎవరు వరి తింటున్నారో ప్రయోగశాలలో కూర్చుంటే తెలియదు. ఇంటింటికీ పోయి, పొయ్యి పక్కన కూర్చుని, "నిన్న పొద్దున ఏం తిన్నరమ్మా?" అని అడిగి రాసుకుంటేనే తెలుస్తుంది. బుధవారం నువ్వు అడగబోతున్న ఉద్యోగం అది. లాన్సెట్‌లో నీ పేరు రాకపోవచ్చు. నువ్వు తప్పు రాసుకొస్తే మాత్రం ఆ తప్పు లాన్సెట్ దాకా పోతుంది.

ఒక సంగతి చెప్తాను, మీ అమ్మకు కూడా తెలియదు. ఉద్యోగంలో కొత్త. సంస్థ పేరు వద్దు, ఒక సర్వే. మిర్యాలగూడ దగ్గర ఒక ఊళ్లో నా జాబితాలో ఉన్న ఒక ఇంటికి ఎప్పుడు పోయినా తాళం. చీకటి పడుతోంది, చివరి బస్సు వెళ్లిపోతుంది. పక్కింటామెను అడిగాను. "వాళ్లా, నలుగురుంటరు, కోడలు కడుపుతోటి ఉంది, మందులు మంచిగనే మింగుతది" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు ఫారం నింపేశాను. ఐరన్ మాత్రల గడిలో "రోజూ" అని రాశాను. బస్సులో కూర్చుని నింపాను బుజ్జీ, చేతిరాత కుదుపులకు వంకరపోయింది కూడా. వారం తర్వాత సూపర్‌వైజర్ సార్ కొన్ని ఇళ్లు మళ్లీ తిరిగి చూస్తూ అదే ఇంటికి పోయాడు. ఆ కోడలు నెల కింద నుంచీ పుట్టింట్లో ఉంది. మాత్రలు అసలు అందనే లేదు ఆమెకు. సార్ నన్ను తిట్టలేదు. నేను చేసిన ఫారాలన్నీ పక్కన పెట్టించాడు. నిజంగా కూర్చుని, నిజంగా అడిగి రాసినవి కూడా పోయాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు నాకోసం పని ఆపుకుని కూర్చున్న సమయమంతా వృథా అయింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు. నువ్వు అట్లా చెయ్యకు.

తాళం వేసిన ఇంటికి బదులు తలుపు తెరిచి ఉన్న పక్కింటికి పోతే ఏమవుతుంది అని నిన్ను తప్పకుండా అడుగుతారు. పుస్తకంలో చదివిన మాట ఒక్కటి అనేసి ఊరుకోకు. మిర్యాలగూడ చెప్పు. పగలు పదకొండింటికి అక్కడ ఏ ఇళ్లు తాళం వేసి ఉంటాయి? రైసు మిల్లులో బస్తాలు మోసేవాళ్లవి. నాట్లప్పుడైతే కూలికి పోయే ఆడవాళ్లవి. తెరిచి ఉండేవి ముసలివాళ్లున్నవి, దుకాణం ఉన్నవి, కాస్త కలిగినవి. తెరిచిన తలుపులే పట్టుకుని తిరిగితే, కష్టపడి పని చేసి తక్కువ తినే మనుషులే లెక్కలోంచి మాయమవుతారు. చివరికి రిపోర్టులో ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టు వస్తుంది. పొద్దున ఆరింటికి ముందో, రాత్రి ఏడు తర్వాతో మళ్లీ పోవాలి. అయినా దొరక్కపోతే "దొరకలేదు" అని రాయాలి. గడి ఖాళీగా ఉంటే ఉండనీ.

2020 గుర్తు తెచ్చుకో. ఏప్రిల్లో ఇక్కడ కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు పెరిగి, సూర్యాపేట పేరు చెప్తేనే జనం భయపడ్డారు. మేలో ఐసీఎంఆర్ 21 రాష్ట్రాల్లో 70 జిల్లాలు ఎంచి, కరోనా ఎందరికి సోకి పోయిందో తెలుసుకోవడానికి రక్త నమూనాలు తీయించింది. మన రాష్ట్రంలో జనగామ, కామారెడ్డి, నల్లగొండ. ఈ మూడు జిల్లాల్లో తిరిగింది పోషకాహార సంస్థ బృందాలే. జిల్లాకు 10 చోట్లు, చోటుకు 40 మంది, మొత్తం 400. రక్తమిస్తే క్వారంటైన్‌కు పట్టుకుపోతారని జనం వణుకుతున్న రోజులవి. తలుపు తీయనివాళ్లూ ఉంటారు. వద్దన్నవాళ్ల సంగతి రాసుకోకుండా సంఖ్య నింపేస్తే ఆ సర్వేను నమ్మలేం. మళ్లీ ఆగస్టులో, డిసెంబరులో ఆ జిల్లాలకే వచ్చారు కాబట్టే రోగం ఎట్లా పాకిందో లెక్క తేలింది. సంస్థ గురించి ఏం తెలుసని అడిగితే, కూనూరు కన్నా ముందు ఇది చెప్పు.

నీ ప్రాజెక్టు పిల్లల్లో రక్తహీనత మీద కాబట్టి ఆ లెక్కలు అడుగుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో వందకు 70 మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 మందికి రక్తహీనత. ఇది నీకు వచ్చే ఉంటుంది. దీని వెనక ఇంకొకటి ఉంది, అది చదువుకుని పో. 2015–16లో అదే సర్వే దేశం మొత్తం మీద పిల్లల్లో వందకు 58 పైన అంటే, 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వే 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 అంది. అంత తేడా ఎందుకు? వయసులు కొంచెం వేరు, పద్ధతులు వేరు. ముఖ్యంగా మొదటిదానిలో వేలికి సూది గుచ్చి చుక్క తీశారు, రెండోదానిలో చేతి నరం నుంచి రక్తం తీశారు. వేలు పిసికితే ఒంట్లోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, హిమోగ్లోబిన్ తగ్గి కనపడుతుంది. వేలు వెచ్చబరచాలి, మొదటి చుక్క తుడిచేయాలి, పిసకకుండా తర్వాతి చుక్క తనంతట తాను వచ్చేదాకా ఆగాలి. చంకలో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, తల్లి "ఇంకెంతసేపమ్మా" అని నిన్ను కోపంగా చూస్తుంటే, అప్పుడు ఆగాలి. ఆ ఆగడం చేతనవునా అన్నదే వాళ్లు నీలో చూసేది.

తిండి లెక్క గురించి కూడా అడుగుతారు, అది నీ సబ్జెక్టే కదా. 24 గంటల్లో తిన్నది అడిగి రాసే పద్ధతి నువ్వు చదివావు, కొలత గిన్నెలు చూశావు. సరే. మన అమ్మమ్మ బియ్యం దేంతో పోస్తుందో చెప్పు చూద్దాం? అంచు సొట్టపోయిన ఆ పాత స్టీలు గ్లాసుతో. అది పావుకిలో గ్లాసని ఆమె నమ్మకం. ఒకసారి నేను తూకం వేసి చూశాను, పావుకిలోకు బాగా తక్కువే వచ్చింది. ఆమె చెప్పిన లెక్క రాసుకుంటే ఆ ఇంట్లో మనిషి తిండి ఉన్నదానికన్నా ఎక్కువ కనపడుతుంది. అందుకే ఆ ఇంటి గ్లాసులోనే బియ్యం పోయించి తూకం వెయ్యాలి. కూర గిన్నెకైతే నీళ్లు పోసి కొలవాలి. తల్లి తన సంగతి చివర్లో చెప్తుంది, అదీ తక్కువ చేసి చెప్తుంది, లేదా అసలు చెప్పదు. "మీరేం తిన్నరు?" అని విడిగా అడగాలి, అందరూ లేచి వెళ్లాక. ఇది పుస్తకంలో ఉండదు బిడ్డా. అది ఉన్నది అమ్మమ్మ వంటింట్లో.

అనుమతి విషయంలో ఒక్కమాట. సర్పంచ్ సరేనన్నాడంటే ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు. ప్రతి మనిషినీ అడగాలి, వాళ్ల భాషలో చదివి వినిపించాలి. దామరచర్ల, మఠంపల్లి దిక్కు తండాల్లోకి పంపితే నీ తెలుగు అందరికీ చాలదు. అక్కడి గోర్‌బోలి భాష వచ్చిన ఆశ కార్యకర్తను వెంట పెట్టుకుపోవాలి. మిల్లుల్లో పనిచేసే బిహారు, ఒడిశా వాళ్లతో హిందీ కావాలి. చదువురానివాళ్లు వేలిముద్ర వేస్తే పక్కన మన బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలి. పిల్లలకైతే తల్లిదండ్రుల సంతకంతో సరిపోదు. ఏడేళ్లు దాటితే పిల్లవాణ్నీ నోటిమాటగా అడగాలి, పన్నెండు దాటితే రాతలో ఒప్పుకోవాలి. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది, ఆ భాగాలు చదువు చాలు. వద్దన్నవాళ్లను బతిమాలకు. నవ్వుతూ నమస్కారం పెట్టి బయటికి వచ్చేయ్.

నీ ఎమ్మెస్సీ డిసర్టేషన్ మీదే ఎక్కువసేపు అడుగుతారు. గురుకులం ఆడపిల్లల మీద చేశావు కదా. ఎంతమందిని తీసుకున్నావు, ఎందుకు అంతమందినే తీసుకున్నావు అంటే అందమైన కారణం కల్పించకు. ఉన్న సమయానికి, దొరికిన అనుమతికి అంతే కుదిరింది సార్, అందుకే ఈ ఫలితం ఆ ఒక్క బడికే చెల్లుతుంది అను. ఎక్సెల్ ఎంత వచ్చంటే వచ్చినంతే చెప్పు. స్టాటిస్టిక్స్‌లో తెలియనిది అడిగితే "తెలియదు మేడమ్, నేర్చుకుంటాను" అను. నువ్వు చిన్నప్పటి నుంచీ తెలియదనడానికి ఎందుకంత సిగ్గుపడతావో నాకు అర్థం కాదు. మీ నాన్న పెంపకం అనాలి, ఇంట్లో తప్పు చెప్పినా ఊరుకుంటాడు గానీ జవాబు చెప్పకపోతే ఊరుకోడు. పాపం ఆయనా నీ మంచికే చేశాడు. కానీ అవతల కూర్చున్నవాళ్ల లెక్క వేరు. ఏసీ గదిలో, కుర్చీలో కూర్చుని తెలియదు అనలేని పిల్ల, ఎండలో తాళం ముందు నిలబడి ఫారం ఖాళీగా వదులుతుందా? వాళ్లకు ఆ అనుమానం వస్తుంది. నాకైతే వచ్చేది.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. ఏం లేదు సార్ అని లేచి రాకు. ఫీల్డుకు ఇద్దరిద్దరిని పంపుతారా, ఒక్కరినా అని అడుగు. రాత్రి బస ఎక్కడ, ప్రయాణ భత్యం ఎట్లా ఇస్తారు అని అడుగు. వినయంగా అడిగితే తప్పు పట్టరు. ఇంకొకటి, ఇది ఇంటర్వ్యూలో కాదు, మన మధ్య. ఫీల్డులో బాత్రూం దొరకదని మన ఆడపిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు తాగరు. నా తోటి అమ్మాయిలు ఎందరో మూత్రంలో ఇన్ఫెక్షన్లు తెచ్చుకుని మందులు మింగారు. నువ్వు నీళ్లు తాగు. ఊళ్లోకి పోగానే అంగన్‌వాడీ టీచరుతో స్నేహం చేసుకో. ఏ ఇంట్లో అడగొచ్చో ఆమె చెప్తుంది.

మంగళవారం మధ్యాహ్నం భోజనం కాగానే కోదాడలో బస్సెక్కి ఇక్కడ దిగు, రాత్రికి మా ఇంట్లో పడుకో. నీ డిసర్టేషన్ సంగతి మీ చిన్నాయనకు తెలుగులో చెప్పి చూడు, ఆయనకు అర్థమయ్యేదాకా చెప్పు. బుధవారం తెల్లవారుజామున చిన్నాయనే నిన్ను హైవే మీద బస్సెక్కిస్తాడు. ఎల్బీ నగర్‌లో దిగి ఆటోలో నాగోలు పో, అక్కడ మెట్రో ఎక్కితే నేరుగా తార్నాక. నేనూ వస్తానంటే మీ అమ్మ వద్దంది, చిన్నపిల్ల కాదంది. సరే, రాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో, జిరాక్సులు రెండు సెట్లు వేరే ఫైల్లో పెట్టుకో. ఆధార్, ఫొటోలు, కుల ధ్రువీకరణ పత్రం మర్చిపోకు. పదో తరగతి మెమోలో నీ పేరు, ఆధార్లో నీ పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవ్వాళే చూసుకో. తేడా ఉంటే రాత్రికే నాకు ఫోన్ చెయ్. ఆ నీలం రంగు నూలు చీర తెచ్చుకో. లేదంటే చుడీదారే వేసుకో, నీకు ఏది హాయిగా ఉంటే అది.

ప్రేమతో,
చిన్నమ్మ